కమాను పట్టీ కత్తి, కందూరు పొయ్యి

నా కత్తిని చూసి ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఈ మాట ముందే చెప్పేస్తే తేలిక. టీవీలో పొద్దస్తమానం కత్తులే. ఎవడో ఒకడు ఎవడినో ఒకడిని నరుకుతూనే ఉంటాడు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం తింటూ అది చూస్తారు. నేను గోనెసంచిలోంచి నా కత్తి తీస్తే మాత్రం "అమ్మో, గదెందుకు పెద్దాయనా నీ దగ్గర?" అంటారు. ఎందుకంటే కట్టెకు. కత్తి పుట్టింది కట్టె కోసం. మనిషి మీదికి పోవడానికి పుట్టిందని వీళ్ల చెవిలో ఎవరు ఊదారో నాకు తెలియదు.

మూరెడు పొడవు, బెత్తెడుకు కాస్త తక్కువ వెడల్పు, వీపు వైపు నా చిటికెన వేలంత మందం. మా వైపు ఇట్లాంటి దాన్ని కమ్మకత్తి అంటారు. తాటికమ్మలు కొట్టేది కాబట్టి ఆ పేరు. నాది తాటికమ్మ ముఖం ఎన్నడూ చూడలేదు. దాని తల్లి లారీ. లారీ చక్రాల మీద బరువంతా మోసే ఉక్కు పట్టీలు ఉంటాయే, కమాను పట్టీలు, అందులో విరిగిన ఒక ముక్క. పటాన్‌చెరు రోడ్డు మీద ఆ రోజుల్లో కమాను పట్టీ విరగని లారీ లేదు. మెకానిక్ షెడ్ల వెనకాల కొలిమి పెట్టుకున్న కమ్మరాయన దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నా చేతి కొలతకు పిడి వేసి ఇచ్చాడు. "దీన్ని నువ్వు ఇరగ్గొట్టలేవు, గిదే నిన్ను ఇరగ్గొడ్తది" అన్నాడు. రెండూ జరగలేదు.

అప్పట్లో నేను కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని చేసేవాణ్ణి. బొగ్గు, ఊకపొట్టు వాడకం తరవాత వచ్చాయి. అప్పుడు కట్టెలే. చల్లారిన బాయిలర్‌ను మళ్లీ ముట్టించాలంటే మిగతావాళ్లు డీజిల్ గుడ్డలు లోపలికి విసిరేవాళ్లు. నేను కత్తితో కట్టెను సన్నంగా చీల్చి పేర్చేవాణ్ణి. నవ్వేవాళ్లు. వాళ్ల గుడ్డలు భగ్గుమని ఆరిపోయేవి, నా పుల్లలు అంటుకుని నిలిచేవి. ఆ నవ్వులన్నీ నాకు ఇప్పటికీ గుర్తే. ఎవరి నవ్వు ఏదో కూడా గుర్తే.

నేను బడికి పోలేదు. అక్షరాలు నాకు డ్రమ్ముల మీదా, గేటు పక్క నోటీసు బోర్డు మీదా, మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన కాగితాల మీదా దొరికాయి. దొరికినవి దొరికినట్టు ఏరుకున్నాను. అట్లా ఏరుకున్నవాడికి ఏదీ ఊరికే పోదు, మనసులో ఉండిపోతుంది. అవమానం కూడా.

ఒకసారి రుద్రారం దగ్గర రోడ్డు పక్కన నడిచి వస్తుంటే మోటారుసైకిలు మీద ఇద్దరు పోలీసులు ఆపారు. భుజాన సంచి, సంచిలోంచి కత్తి పిడి బయటికి ఉంది.

"ఏంది పెద్దమనిషీ, ఎవర్ని ఏసేద్దామని బయల్దేరినవ్?"

"ఏపకొమ్మను సార్."

"మజాక్ చేస్తున్నవా?"

"మీరే గద సార్ షురూ చేసింది."

వెనక కూర్చున్న కుర్ర కానిస్టేబులు నవ్వాడు కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఆ పూట నేను స్టేషన్లో బల్ల మీద కూర్చుని కమాను పట్టీ పురాణం చెప్పాల్సి వచ్చేది. చెప్పేవాణ్ణి కూడా. నాకేం భయం? కానీ ఇంటికి వచ్చాక కొడుకు పాఠం మొదలుపెట్టాడు. "నాయినా, ఇగ బంద్ చెయ్యి. గ్యాస్ పొయ్యి వచ్చి ఎన్నేండ్లాయె? గా కత్తి తోటి ఏం పని?" వాడి తప్పు కాదు. వాడు కట్టె చీలిన చప్పుడు విన్నవాడు కాడు.

ఏం పనో మొన్న వానాకాలంలో గుట్ట మీద తేలింది. ఇదంతా రాయడం ఆ సంగతి చెప్పడానికే.

మా ఇంటామెకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఒక మొక్కు మొక్కుకుంది. మళ్లీ తన కాళ్ల మీద తాను గుట్టెక్కితే, పైనున్న దర్గా దగ్గర కందూరు చేస్తానని. కందూరంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. దర్గా దగ్గర మేకను కోయించి, అక్కడే వండి, ఫాతెహా చదివించి, వచ్చినవాళ్లందరికీ కడుపునిండా పెట్టడం. మా వైపు హిందువులూ చేస్తారు, ముస్లిములూ చేస్తారు. ఇది మీదా, మాదా అని అడిగినవాణ్ణి చిన్నప్పుడు నేను చూడలేదు. ఈమధ్య ఒకాయన అడిగాడు. ఆయనకు నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాసేది కాదు.

మొక్కులో ఆమె ఇంకో మాట కూడా కలిపింది. కట్టెల పొయ్యి మీదే వండాలి. వాళ్లమ్మ అట్లానే చేసిందట, ఆమె కూడా అట్లానే చెయ్యాలట. కొడుకు గ్యాస్ పొయ్యీ, వంటవాళ్లూ అంటూ ఏవేవో చెప్పబోయాడు. ఆమె ఒకటే మాట అంది: "మొక్కుకున్నది నువ్వా, నేనా?"

కట్టెలు ఎక్కడ దొరుకుతాయి ఇప్పుడు? ఆమె అన్న, అంటే మా బావ, "కట్టెల ఫికర్ నాకిడిసిపెట్టు చెల్లే" అన్నాడు. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. ఇద్దరం ఒక ఈడు వాళ్లమే, పోటీ కూడా ఆ ఈడు నుంచే. ఆయనకు ఒకప్పుడు కట్టెల అడ్డా ఉండేది. చెట్లు పోయాక అడ్డా పేరు అదే ఉంది, సరుకు మారింది. కంపెనీలు పారేసే చెక్క సామాను కొని అమ్ముతాడు. ఈ సంగతి నాకు తెలుసు, అయినా ఆ రోజు అడగాలని తోచలేదు.

పొద్దున్నే డీసీఎం వ్యానులో బయల్దేరాం. చుట్టాలు, పిల్లలు, వంట గంజులు, బియ్యం, మేక, అన్నీ ఒకే బండిలో. రాత్రి నుంచి ముసురు. బొంతపల్లి దాటేసరికి అద్దం మీద తుడిచిన కొద్దీ నీళ్లు. బియ్యం బస్తా కింద నా గోనెసంచి పెట్టిందెవరో తెలుసా? మా ఇంటామే. కొడుకు చూడకుండా పెట్టి, నా వైపు చూడకుండా కూర్చుంది.

గుట్ట చిన్నదే కానీ మెట్లు నిటారుగా ఉంటాయి. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కింది. ఆగింది, ఊపిరి తీసుకుంది, ఎక్కింది. పట్టుకోవడానికి కోడలు పోతే చెయ్యి విదిలించింది. పైకి చేరి కొంగుతో ముఖం తుడుచుకుని, దర్గా గడప దగ్గర తల ఆనించింది. దర్గా చూసుకునే ముజావర్ సాబు మేకను హలాల్ చేశాడు. మాంసం ముక్కలు కొట్టడం కూడా మొదలైంది. అప్పుడు కింద ట్రాలీ ఆటో హారన్ వినిపించింది. బావ కట్టెలు వచ్చాయి.

దిగి చూశాను. చూసేది ఏముంది, దూరం నుంచే ముక్కుకు తెలిసింది.

కంపెనీల్లో డ్రమ్ముల కింద పెట్టే చెక్క పలకలు అవి. పాలెట్లు అంటారు. మేకులు ఊడపీకి, ముక్కలు చేసి, కట్టలు కట్టి తెచ్చాడు. వాన పడినా లోపలి వరకు పొడిగా ఉన్నాయి, చూడటానికి తెల్లగా ముచ్చటగా ఉన్నాయి. కానీ ఒక్కో పలక మీద డ్రమ్ము అడుగు ఆకారంలో గుండ్రటి మరక. ఒకటి నీలం, ఒకటి పసుపు. ఆ మరకలు నాకు చుట్టాలకంటే ఎక్కువ తెలుసు. ఆ డ్రమ్ములు మోసింది ఈ భుజాలే. చలికాలం ఒక తెల్లవారుజామున గేటు దగ్గర ఇట్లాంటి పలకలే కాల్చి చలి కాచుకున్నాం. మధ్యాహ్నానికి అందరి కళ్లూ వాచిపోయాయి, ఒకతను వారం పాటు దగ్గుతూనే ఉన్నాడు. అదంతా జరిగాక నేను డ్రమ్ముల మీది పుర్రె బొమ్మ కింద ఏం రాసి ఉందో కూడబలుక్కుని చదివాను. బొమ్మే చెప్తోంది గదా, అక్షరాలెందుకు అనుకోలేదు. చదివాను.

"బావా, గివి పైకి రావు" అన్నాను.

"ఏమాయె?"

"ఇవి కట్టెలు గావు. మందు తాగిన చెక్కలు. వాసన సూడు."

"నీకు అన్నిట్ల వాసనే. రోడ్డు మీద హోటళ్లన్నీ గివ్వే కాలుస్తున్నయి. బిర్యానీ తిని ఎవ్వడన్న సచ్చిండా?"

"సచ్చెటోడు నీకొచ్చి చెప్పి సస్తడా?"

"మందుల కంపెనీల కూలి పని చేసి డాక్టర్ అయిపోయినవ్ బావా నువ్వు!" అని ఆటో డ్రైవర్‌ను చూసి కన్నుగొట్టాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఆయన మీద మాత్రమే కాదు. ఈ ఏరియాలో రాత్రయితే ఏ పొగ ఎటు నుంచి వస్తుందో తెలియకుండా కిటికీలు మూసుకుని పడుకుంటాం. వాగులో నురుగు చూసి పిల్లలు సబ్బు నీళ్లనుకుంటారు. సరే, అది మన చేతిలో లేదు అని సరిపెట్టుకుంటాం. కానీ మన చేత్తో మనమే తెచ్చుకుని, మన గంజు కింద పెట్టి, మన మనుమల పళ్లెంలోకి ఆ పొగ ఎక్కిస్తామా? అదీ మొక్కు అన్నంలోకి?

మా లొల్లి పైకి వినిపించినట్టుంది. ఆమె మెట్ల అంచున నిలబడి అరిచింది: "నా మొక్కు నడుమ మీ ఇద్దరి కిరికిరి ఏంది?"

నేను ఒక పలక పట్టుకుని పైకి పోయి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే తల పక్కకు తిప్పి, పలకను గోడ అవతలికి విసిరేసింది.

"అన్నా, గిది నా గంజు కిందికి రాదు. వాపస్ తీస్కపో" అంది. తరవాత నా వైపు తిరిగింది. "అద్దన్నది నువ్వే గద. పొయ్యి ముట్టించేది గుడ నువ్వే. మాంసం కోసి పెట్టినం, అది ఆగదు. పొయ్యి మండకపోతే నా మొక్కు గిక్కడనే ఆగిపోతది. ఇంకోసారి ఈ మెట్లు నాతోటి గాదు. మండియ్యి."

అంతే. వాన, గుట్ట, అంతమంది చుట్టాలు, పచ్చి మాంసం, నేను.

ముజావర్ సాబు మంచిమనిషి. తల గోక్కుని, "దర్గా ఎనక తుమ్మ కట్టెలున్నయి భాయ్. కరెంటోళ్లు తీగల కింది కొమ్మలు కొట్టి పడేసి పోయిండ్రు. ఎండకాలం సంది గట్లనే ఉన్నయి. లేలో, తీస్కోండ్రి. మగర్ తడిసి ముద్దయినయి, ఎట్ల మండుతయి?" అన్నాడు.

పోయి చూశాను. నల్లతుమ్మ. చేయంత లావు నుంచి తొడంత లావు వరకు ముక్కలు. పైన బెరడు నానిపోయి వేలు పెడితే ఊడుతోంది. చేతిలోకి తీసుకుని ఒకదానితో ఇంకోదాన్ని కొట్టాను. ఠంగుమంది. తడి కట్టె దబ్బుమంటుంది. ఎండలో ఎండిన కట్టె, పైన వాన ఎంత కురిసినా, గుండె దగ్గర ఎండే ఉంటుంది. నాకు ఆ చప్పుడు చాలు.

"లోపట పొడిగనే ఉన్నయి" అన్నాను.

బావ అప్పటికి ఆటోను పంపించేసి వచ్చాడు. ఓడిపోయినట్టు కనిపించడం ఆయనకు ఇష్టం ఉండదు. ఆటోలోంచి దింపుకున్న తన గొడ్డలి తీసుకుని వచ్చాడు. "జరుగుండ్రి. అడ్డా నడిపిన చేతులివి. గిప్పుడు సూడు" అని వానలోనే ఒక తుమ్మ ముక్కను నిలబెట్టి ఎత్తి వేశాడు. ముక్క బురదలోకి దిగింది తప్ప చీలలేదు. రెండో దెబ్బకు గొడ్డలి తడి బెరడు మీద జారి పక్కకు పోయింది. ఆడవాళ్లు కేకలు వేశారు. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

"అన్నా, మేక ఒక్కటి సాలు, ఇంకోటి కొయ్యకు!" అని మా ఇంటామె అరిచింది. చుట్టాలంతా నవ్వారు.

ఆ నవ్వులకు మండి, బావ ముక్కను వంటల షెడ్డులోకి తెచ్చాడు. అది రేకుల షెడ్డు, మనిషి నిలబడితే చెయ్యి తగిలే ఎత్తు. గట్టి నేల దొరికిందని సంతోషంలో పైన రేకు ఉందని మరిచాడు. గొడ్డలి ఎత్తగానే ధనాల్ మంది. దర్గా లోపల దువా చేసుకుంటున్న ముసలాయన కూడా తల బయటికి పెట్టి చూశాడు. ఆ ఊపుకు గొడ్డలి తల వదులై, కర్ర కామ మీద నుంచి ఊడి కింద పడింది. బావ చేతిలో కామ ఒక్కటే మిగిలింది.

నేను ఆలోగా బియ్యం బస్తా కింది నుంచి గోనెసంచి తెచ్చుకున్నాను. కొడుకు చూశాడు. "నాయినా..." అన్నాడు.

చదునైన బండరాయి ఒకటి షెడ్డులోకి దొర్లించాను. దాని ముందు ఇటుక వేసుకుని కూర్చున్నాను. బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కూసోని కట్టెలు కొడ్తవా బావా? చిక్కుడుకాయ ఒలుస్తున్నట్టున్నది."

"ఒలిచి పెడితే తినేటోనివి నువ్వే గద. గా గొడ్డలి కామ ఇటు ఇయ్యి."

"కామ ఎందుకు?"

"నీ గొడ్డలికెట్లాగు పని లేదు గద."

మళ్లీ నవ్వులు. ఇచ్చాడు. మంచి బరువైన కామ. గుతుప లాగా, దుడ్డుకర్ర పట్టినట్టు చేతికి పట్టు దొరికింది.

ఈ పని తెలియనివాళ్లు కత్తిని ఎత్తి కట్టె మీద వేస్తారు. అది నరకడం. చీల్చడం వేరు. కట్టెను బండ మీద నిలబెట్టాలి. ఎండేటప్పుడు దాని తలలో సన్నటి పగులు పడుతుంది. పగులు ఎటు పోతే కత్తిని అటు ఆనించాలి. ఎత్తక్కర్లేదు. ఆనించి, కత్తి వీపు మీద గుతుపతో కొట్టాలి. చిన్న దెబ్బ, తరవాత పెద్ద దెబ్బ. కత్తి మునిగాక అవతలి వైపు బయటికి వచ్చిన కొస మీద కొట్టాలి. చుట్టూ ఎవరున్నా ఫరవాలేదు, పైన రేకు ఎంత కిందికి ఉన్నా ఫరవాలేదు. కత్తి గాల్లోకి లేవనే లేవదు. దీన్ని చూసి భయపడేవాళ్లు ఆ రోజు అక్కడ ఉండి ఉంటే బాగుండేది.

మొదటి ముక్క టప్పున రెండయింది. లోపల ఎర్రగా, మెరుస్తూ, పొడిగా తుమ్మ గుండె. వాసన చూడమని కొడుకు చేతికి ఇచ్చాను. చూశాడు. చూశాక కూడా కింద పెట్టలేదు.

రెండోది, మూడోది సులభంగా పోయాయి. బావ ముఖం మాడింది. అప్పుడే నాకు ఎదురుదెబ్బ తగిలింది. చూడకుండా అందుకున్న ముక్క నడుమ కణుపు ఉంది. కత్తి సగం దిగి అక్కడే ఇరుక్కుంది. కొడితే కదలదు, లాగితే రాదు. చెమట వానలా కారింది. అటు మా ఇంటామె మసాలా నూరడం ఆపి చూస్తోంది. ఒక చుట్టపాయన "ఇగ కింద ఊర్లకెంచి గ్యాస్ బండ తెప్పిద్దామా?" అని నెమ్మదిగా అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు.

బావ వంగి చూశాడు. "ఇరుక్కున్నదా? అయ్యో, గట్లెట్లాయె బావా! చిక్కుడుకాయల పీసు అడ్డమొచ్చిందా?"

కత్తిని వదలకుండా, కట్టెతో సహా తలకిందులు చేశాను. ఇప్పుడు కట్టె పైన, కత్తి కింద. కత్తి వీపును బండకేసి, ఆ మొత్తాన్నీ ఎత్తి దించాను. కట్టె బరువే కట్టెను చీల్చాలి. ఒకసారి, ఇంకోసారి. భుజాల్లో నిప్పు పుట్టింది. బావ నవ్వు ఆపి, ఎందుకో తెలియదు, తనూ వంగి కట్టెకు రెండో వైపు పట్టుకున్నాడు.

"ఎత్తు" అన్నాడు.

ఇద్దరం కలిసి ఎత్తి దించాం. కణుపు ఫట్టుమని పగిలింది. ముక్కలు రెండు వైపులకూ పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. బావ తన తలపాగా తీసి, ముందు నా ముఖం తుడిచి, తరవాత తన ముఖం తుడుచుకున్నాడు. ఇది మాత్రం నేను ఊహించలేదు.

ఆ తరవాత ఆయన కట్టెలు అందిస్తుంటే నేను చీల్చాను. లావు చీలికలు ఒక పక్క, వేలంతవి ఒక పక్క, అగ్గిపుల్లంతవి ఒక పక్క. చివరికి గుండె కట్టె ఒకటి తొడల మధ్య పెట్టుకుని, కత్తి అంచుతో పొట్టు గీశాను. ఎర్రటి పొట్టు, ఉంగరాల్లాగా చుట్టుకుని పడింది. మూడు రాళ్ల నడుమ పేర్చాను.

"బండిల డీజిల్ ఉన్నది, జెర పోస్దమా?" అన్నాడు బావ.

"పోస్తే నిన్నే ముట్టిస్త."

మొదటి అగ్గిపుల్ల గాలికి ఆరింది. మా ఇంటామె వచ్చి, కొంగు పరిచి గాలికి అడ్డంగా నిలబడింది. రెండోది పొట్టుకు తగిలింది. ఒక ఉంగరం నల్లబడింది, ఇంకోదానికి ఎర్రటి అంచు వచ్చింది. ఊదాను. పొగ వచ్చింది. తుమ్మ పొగ, కళ్లు మండించేదే కానీ తెలిసిన పొగ. మా అమ్మ పొయ్యి పొగ. మళ్లీ ఊదాను. సన్నపుల్లలు చిటపటమన్నాయి. మంట లేచి గంజు అడుగును నాకింది.

ఎవరు మొదట అరిచారో తెలియదు. అందరూ అరిచారు. దర్గాలోంచి ముజావర్ సాబు "మాషా అల్లా!" అన్నాడు. బావ రెండు చేతులూ పైకెత్తాడు, ఆ చేతులు మళ్లీ రేకుకు తగిలాయి. నేను లేవబోతే నడుము లేవలేదు. కొడుకు చెయ్యి పట్టి లేపాడు. లేపుతూ కత్తిని తీసుకుని, పదును చూసి, తన తువాలుతో తుడిచి, గోనెలో చుట్టి పక్కన పెట్టాడు. నేను చెప్పలేదు. చెప్పకుండానే చేశాడు.

ఒక గంజులో మాంసం, ఒక గంజులో బగారా అన్నం. ఉల్లిగడ్డ వేగే వాసన వానలో గుట్ట దిగిపోయి కింద కార్మికుల గదుల దాకా పోయినట్టుంది. ఫాతెహా అయ్యేసరికి బీహారు, ఒడిశా కుర్రాళ్లు గొడుగులు పట్టుకుని, ఒక్కొక్కరు మెట్లెక్కి వచ్చారు. "చాచా, ఖానా మిలేగా?" అని ఒకడు సిగ్గుపడుతూ అన్నం అడిగాడు. "మిలేగా కాదురా, ఖతం కర్నా హై" అని బావ వాణ్ణి భుజం పట్టి పంక్తిలో కూర్చోబెట్టాడు. వడ్డించింది ఆయనే. ప్రతి పళ్లెం దగ్గరా ఆగి, "ఇయ్యాల మంట మా బావది" అని చెప్పాడు. అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. ఆటోలో వచ్చిన చెక్కల మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గెలిచినవాడికి ఆ మాత్రం ఉండాలి.

అందరూ తిన్నాక ఆమె తింది. పొయ్యి పక్కనే పీట వేసుకుని, నింపాదిగా, ఎముక కూడా వదలకుండా. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆమె చెయ్యి కడుక్కోగానే బావ అడిగాడు.

"చెల్లే, ఇగ మొక్కు తీరినట్టే గద?"

"గంజు ఖాళీ చేసి బోర్లిచ్చినంక తీరుతది."

అన్నం గంజు ఇంకా వేడిగా ఉంది. బావ ఒక చెవి పట్టుకున్నాడు, నేను ఒక చెవి పట్టుకున్నాను. గుడ్డలు అడ్డం పెట్టుకుని ఎత్తాం. ఆమె వచ్చి కొంగు అడ్డం పెట్టి అడుగు మీద చెయ్యి వేసింది. ముగ్గురం కలిసి గంజును బండ మీద బోర్లించాం. పెద్దగా మోగింది. ఆమె వంగి చుట్టూ చూసింది. ఒక్క మెతుకు రాలలేదు.

"ఇగ తీరింది" అంది.